ప్రోగ్రెస్ కార్డుపై సంతకం

 

ఈ శీర్షికలో మనం సమాజం గురించి, ఇరుగుపొరుగు ఇళ్ళలో జరిగే సంగతుల గురించి చాలాసార్లు ముచ్చటించుకున్నాము. ఈ నెల మాత్రం మా ఇంటి సంగతే చెప్పవలసి వస్తోంది. ఇది మా చిన్నవాడికి సంబంధించిన విషయం గనుక ముందుగా వాడి అనుమతి అడిగాము. కాసేపు ఆలోచించి, తన పేరూ, తన బడి పేరూ రాయకూడదన్న షరతుతో ఒప్పుకున్నాడు. ఆ షరతును గౌరవిస్తూ మొదలుపెడుతున్నాము.

ఏప్రిల్ 23వ తేదీన మా ఇంట్లో ఒకేరోజు రెండు చదువులకు లెక్క తేలింది. ఉదయం పది గంటలకు పదవ తరగతి ఫలితాలు వెలువడ్డాయి. మా పెద్దమ్మాయి ఆ పరీక్షలు రాసింది. ఆ రోజే బడులకు చివరి పనిదినం. ఆరవ తరగతి పూర్తిచేసిన మా చిన్నవాడి ప్రోగ్రెస్ కార్డు తీసుకోవడానికి తల్లిదండ్రులు పదకొండు గంటలకు రావాలని బడి నుండి కబురు వచ్చింది. మరునాటి నుండి జూన్ 11 వరకు, రోజులు లెక్కిస్తే సరిగ్గా 49 రోజులు, వేసవి సెలవులు.

మా అమ్మాయి 2015 జూన్‌లో ఒకటవ తరగతిలో చేరింది. ఆ ఏడాది శుభప్రదమైన రమజాన్ మాసం కూడా జూన్‌లోనే ప్రారంభమయింది. మధ్యాహ్నం వరకు ఏమీ తినకుండా ఉండి, అదే తన రోజా అని బడిలో అందరికీ చెప్పుకొని మురిసిపోయిన పిల్ల ఆమె. చాంద్రమాన సంవత్సరం సౌరమాన సంవత్సరం కంటే సుమారు 11 రోజులు చిన్నది. అందుచేత రమజాన్ ఏటా కొంత ముందుగా వస్తుంది. అలా జూన్ నుండి మే, ఏప్రిల్ నెలల మీదుగా జరుగుతూ జరుగుతూ ఆమె పదవ తరగతి పరీక్షల వేళకు మార్చికి వచ్చి చేరింది. ఈసారి ఆమె సహర్ చేసి, ఫజ్ర్ నమాజు చదివి, కాసేపు పుస్తకం తిరగేసి పరీక్షా కేంద్రానికి బయలుదేరేది. ఈద్ మరునాడే సాంఘిక శాస్త్రం పరీక్ష ఉండడంతో సేమ్యా గిన్నె పక్కనే పాఠ్యపుస్తకం పెట్టుకొని పండుగ జరుపుకుంది. బడి సంవత్సరాలు లెక్కపెట్టుకుంటే పది తేలాయి. ఈ పది అనే సంఖ్య ఆ తర్వాత మమ్మల్ని ఎంతగా వెంటాడబోతోందో అప్పటికి మాకు తెలియదు.

ఫలితాల రోజున హాల్ టికెట్ నంబరు ఫోనులో నొక్కి, ఊపిరి బిగబట్టి చూశాము. 600కు 541 మార్కులు. అల్ హమ్దులిల్లాహ్! పిల్లల నానీ వెంటనే వుజూ చేసుకొని షుక్రానా నమాజు చదివారు. పక్కింటివారికి మిఠాయి వెళ్ళింది. ఖాలాలు, మామూలు, దూరపు బంధువులు వరుసగా ఫోన్లు చేశారు. ఆ సంతోషంలో చిన్నవాడు ఎక్కడున్నాడో మేము గమనించలేదు. వాడి బడికి వెళ్ళే సమయం అయిందని గుర్తొచ్చి వెతికితే, లోపలి గదిలో దుప్పటి ముసుగు పెట్టుకొని పడుకొని ఉన్నాడు. కడుపునొప్పి అన్నాడు. ఎండ దెబ్బేమో అనుకొని మజ్జిగ తాగించి వెంట తీసుకొని వెళ్ళాము.

బడిలో టీచరుగారు కార్డు తెరచి మా ముందు పెట్టారు. మిగిలిన సబ్జెక్టులు ఫరవాలేదు. లెక్కలలో మాత్రం మొదటి పరీక్ష నుండి చివరి దాకా వెనుకబాటే. ఆమె వేలు మార్కుల మీద కాకుండా కింద ఉన్న సంతకాల దగ్గర ఆగింది. మొదటి పరీక్ష ఎదురుగా ఉన్నది అసలు సంతకమే. ఆ తర్వాతి మూడు చోట్ల ఉన్నవి దాన్ని చూసి రాసినవి. అసలు సంతకంలో చివరి గీత పైకి లేస్తుంది. ఈ మూడింటిలో అది కొంచెం వణికి కిందికి దిగింది.

"ఈ సంతకాలు మీవేనా?" అని ఆమె చాలా మెల్లగా అడిగారు. మా వెనుక మరో పదిమంది తల్లిదండ్రులు వరుసలో నిలుచున్నారు. పక్కనే మా వాడు తల వంచుకొని నిలబడి ఉన్నాడు. అవునంటే మేము అబద్ధం చెప్పినట్లు. కాదంటే పదిమందిలో వాడు దొంగలా నిలబడవలసి వస్తుంది. చివరకు మా నోటి నుండి ఇంతే వచ్చింది: "ఈ కార్డు ఎప్పటికప్పుడు అడిగి చూడవలసినవాళ్ళం మేము. చూడలేదు. ఇంటికి వెళ్ళి వాడితో మాట్లాడతాము మేడమ్." ఆమె అర్థం చేసుకున్నారు. మరో మాట అనకుండా కార్డు మూసి చేతికిచ్చారు. ఆ టీచరుగారికి అల్లాహ్ మేలు చేయుగాక! ఒక పిల్లవాడి లోపాన్ని బజారున పెట్టకుండా కప్పడం ఎంత గొప్ప గుణమో ఆ రోజు కళ్ళారా చూశాము.

తిరుగు దారిలో ఆటోలో ఎవరమూ మాట్లాడలేదు. నిజానికి కార్డు గురించి ఏడాది మధ్యలో ఒకటి రెండుసార్లు అడిగాము. "ఇంకా ఇవ్వలేదమ్మీ" అన్నాడు. పెద్దమ్మాయి పదవ తరగతి, ఆమె అదనపు క్లాసులు, రాత్రి చదువులు, ఉదయం లేపడాలు అనే హడావిడిలో మళ్ళీ అడగలేదు. ఇల్లు చేరేసరికి కోపం తలకెక్కింది. ఆ కోపంలో మార్కుల బాధ ఎంత, అబద్ధం వల్ల కలిగిన బాధ ఎంత, నలుగురిలో తలవంపు అయిందన్న బాధ ఎంత అని ఇప్పుడు నిజాయితీగా తూచి చూసుకుంటే మూడవదే ఎక్కువ బరువు తూగుతోంది. ఈ మాట ఒప్పుకోవడం కష్టంగానే ఉంది.

ఆ మధ్యాహ్నం మమ్మల్ని కాపాడింది పిల్లల నానీ. సంగతి విని, "ఇషా దాకా వాడిని ఎవరూ ఏమీ అనవద్దు. వుజూ చేసుకోండి, కూర్చోండి" అన్నారు. కోపం వచ్చినవాడు నిలబడి ఉంటే కూర్చోవాలన్న దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) ఉపదేశాన్ని మేమూ ఎన్నోసార్లు చదివాము, ఇతరులకు చెప్పాము కూడా. దాన్ని పాటించవలసిన గడియలో మాత్రం ఒక పెద్దావిడ గుర్తుచేయవలసి వచ్చింది.

ఇషా తర్వాత వాడే వచ్చి చాప మీద మా ఎదురుగా కూర్చున్నాడు. పొద్దుటి నుండి దెబ్బల కోసం ఎదురుచూసి అలసిపోయిన ముఖం. "అబద్ధం ఎందుకు చెప్పావు బేటా?" అని అడిగాము. వాడు చాలాసేపటికి జవాబిచ్చాడు. "ముందుసారి నిజమే చెప్పాను కదా అమ్మీ."

ఆ మాట విన్నాక చాలాసేపు మా ఇద్దరికీ నోట మాట రాలేదు. నిజమే. మొదటి పరీక్షలో లెక్కలలో 20కి 7 వచ్చినప్పుడు వాడు ఏమీ దాచలేదు. బడి నుండి వస్తూనే సంచిలో నుండి కార్డు తీసి, తనంత తానే చూపించాడు. దానికి మేమేమి చేశాము? క్రికెట్ బ్యాటు బీరువాలో పెట్టి తాళం వేశాము. వారం రోజులు ప్రతి పూటా దస్తర్‌ఖాన్ దగ్గర ఆపాతో పోల్చి మాట్లాడాము. ఆదివారం మామూ వస్తే, ఆయన ముందు నిలబెట్టి ఎక్కాలు చెప్పించాము. తడబడితే నవ్వాము. నిజం చెప్పినందుకు మా ఇంట్లో వాడికి దొరికిన బహుమానం ఇది. ఆ తర్వాత అబద్ధం చెప్పాడు. ఏడు నెలలు ప్రశాంతంగా గడిచాయి. లెక్కలు రాని పిల్లవాడే కావచ్చు గాని, ఈ ఒక్క లెక్క మాత్రం తప్పులేకుండా వేసుకున్నాడు.

సోదర సోదరీమణులారా! మనం పిల్లలకు నిజం చెప్పాలని నేర్పుతాము. సత్యం స్వర్గానికి, అసత్యం నరకానికి దారి చూపుతాయన్న హదీసు కంఠస్థం చేయిస్తాము. కాని మన ఇంట్లో నిజం ఖరీదు ఎంత, అబద్ధం ఖరీదు ఎంత అని ఎన్నడైనా లెక్క చూసుకున్నామా? నిజం చెప్పిన ప్రతిసారీ దెబ్బలో, ఎగతాళో, పోలికలో దొరికే ఇంట్లో పదకొండేళ్ళ పిల్లవాడు ఎన్నాళ్ళు నిజాన్ని పట్టుకొని నిలబడగలడు?

ఆ రాత్రి మాకు హజ్రత్ అనస్ (రజి) గుర్తుకు వచ్చారు. మహాప్రవక్త (స) మదీనాకు వచ్చినప్పుడు ఆయన వయస్సు సుమారు పదేళ్ళు. తల్లి ఉమ్మె సులైమ్ (రజి) ఆ బాలుణ్ణి తీసుకువచ్చి ప్రవక్త (స) సేవలో ఉంచారు. పదేళ్ళపాటు తాను సేవ చేశానని, ఆ పదేళ్ళలో ఆయన తనను ఒక్కసారి కూడా ఛీ అనలేదని, చేసిన పనికి ఎందుకు చేశావని గాని, చేయని పనికి ఎందుకు చేయలేదని గాని నిలదీయలేదని అనస్ (రజి) పెద్దయ్యాక చెప్పుకున్నారు. బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాలు రెండింటిలోనూ ఈ విషయం నమోదై ఉంది. ఎన్ని ప్రసంగాలలో విన్నామో లెక్కలేదు. ఆ రాత్రి మాత్రం పది అనే సంఖ్య దగ్గర ఆగిపోయాము. మా అమ్మాయి బడి చదువూ పదేళ్ళే. ఈ పదేళ్ళలో మా ఇంట్లో ఎన్ని 'ఎందుకు'లు పలికాయి! ఎందుకు పారబోశావు, ఎందుకు ఆలస్యమైంది, ఎందుకు మరచిపోయావు, ఎందుకు ఇన్నే మార్కులు. వీటిలో జవాబు తెలుసుకోవాలని అడిగినవి ఎన్ని? వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. మిగిలినవన్నీ ప్రశ్న రూపంలో వేసిన దెబ్బలే.

అలాగని పిల్లలను వారి ఇష్టానికి వదిలేయమని కాదు. అనస్ (రజి) చెప్పిన మరో సంగతి ఉంది. ఒకరోజు ప్రవక్త (స) ఏదో పని మీద పంపితే, దారిలో ఆడుకుంటున్న పిల్లల దగ్గర ఆయన ఆగిపోయారు. కాసేపటికి వెనుక నుండి ఎవరో మెడ పట్టుకున్నారు. తిరిగి చూస్తే ప్రవక్త (స) నవ్వుతూ ఉన్నారు. ముద్దుపేరుతో పిలిచి, చెప్పిన చోటికి వెళ్ళావా అని అడిగారు. ఇదిగో వెళ్తున్నానని బాలుడు బదులిచ్చారు. పనిని గుర్తు చేయడం మానలేదు. గుర్తు చేసిన ముఖం మాత్రం నవ్వు ముఖం. అలాగే ఆయన సంరక్షణలో పెరిగిన ఉమర్ బిన్ అబూ సలమా (రజి) చిన్నతనంలో భోజనం చేస్తూ పళ్ళెమంతా చేయి తిప్పుతుంటే, అల్లాహ్ పేరు తలచుకొని, కుడిచేత్తో, నీ ముందున్న దాన్ని తినమని నేర్పారు. ఎందుకిలా తింటున్నావని అడగలేదు. ఎలా తినాలో చెప్పారు. తప్పు దిద్దడానికీ, తప్పు ఎత్తిచూపడానికీ ఉన్న తేడా అంతా ఇక్కడే ఉంది.

మరో హదీసు మమ్మల్ని ఇంకా ఎక్కువగా కలవరపరిచింది. అబ్దుల్లా బిన్ ఆమిర్ (రజి) చిన్న పిల్లవాడిగా ఉన్నప్పుడు ఆయన తల్లి, రా, నీకొకటి ఇస్తానని పిలిచారు. ఇంట్లోనే ఉన్న ప్రవక్త (స), ఏమివ్వాలనుకున్నావని ఆమెను అడిగారు. ఖర్జూరం అని ఆమె చెప్పారు. ఏమీ ఇవ్వకపోయి ఉంటే నీ పేరిట ఒక అబద్ధం రాయబడి ఉండేదని ఆయన హెచ్చరించారు. పిల్లవాణ్ణి పిలవడానికి చెప్పే చిన్న మాట కూడా లెక్కలోకి వస్తుందన్నమాట! మరి మనం? అప్పులవాడో, తెలిసినవాడో ఫోను చేస్తే 'అబ్బా ఇంట్లో లేరని చెప్పు' అని పిల్లల చేతికే ఫోను ఇచ్చేది మనం. బస్సులో అర టిక్కెట్టు కోసం వయస్సు తగ్గించి చెప్పేది మనం. పెళ్ళికి వెళ్ళడానికి బడికి 'జ్వరం' అని సెలవు చీటీ రాసేది కూడా మనమే. మా వాడు సంతకం ఒక్కటే మా నుండి చూసి రాశాడనుకున్నాము. అబద్ధం కూడా మా నుండే చూసి రాశాడేమో!

మరునాడు ఫజ్ర్ తర్వాత వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకొని, ఈసారి నిజంగా తెలుసుకోవడానికే అడిగాము: లెక్కల్లో నీకు ఎక్కడ కష్టమవుతోంది? కాగితం మీద ఒక్కొక్కటే చేయించాము. కూడికలు వచ్చు. గుణకారం తడబడుతూ వచ్చు. భాగహారం దగ్గర పెన్సిలు ఆగిపోయింది. భాగహారమే రానివాడికి భిన్నాలు ఎలా వస్తాయి? దశాంశాలు ఎలా వస్తాయి? ఆరవ తరగతి పుస్తకం సగం వాటి మీదే నిలబడి ఉంది.

అప్పుడు వెనక్కి లెక్క వేసుకున్నాము. వాడు 2019 జూన్‌లో ఒకటవ తరగతిలో చేరాడు. 2020 మార్చిలో కరోనా వల్ల బడులు మూతపడ్డాయి. రెండవ తరగతి చాలా వరకు ఫోను తెర ముందే గడిచింది. ఇంట్లో ఒక్క ఫోనే ఉండేది. అప్పుడు ఆరవ తరగతిలో ఉన్న ఆపాకు అది ముందు, వాడికి తర్వాత. మూడవ తరగతి కూడా ఆలస్యంగానే మొదలయింది. చేతివేళ్ళతో, గింజలతో, పలక మీద నేర్చుకోవలసిన వయస్సులో వాడు ఒక చిన్న తెరను చూస్తూ కూర్చున్నాడు. పునాదిలో ఒక రాయి పడలేదు. ఆ పైన నాలుగేళ్ళు గోడ కడుతూ పోయి, గోడ ఎందుకు వంకరగా ఉందని వాణ్ణే తిట్టాము. ఇలాంటి పిల్లలు మన బస్తీలలో ఎందరో ఉన్నారు. ఇప్పుడు ఐదు, ఆరు, ఏడు తరగతులు పూర్తిచేసిన పిల్లలున్న తల్లిదండ్రులు ఒకసారి కూర్చోబెట్టి భాగహారం చేయించి చూడండి. తప్పు పట్టడానికి కాదు, పడని రాయి ఎక్కడుందో వెతకడానికి.

ఇప్పుడు మా ఇంట్లో రోజూ ఫజ్ర్ తర్వాత అరగంట లెక్కలు. ట్యూషన్ పెట్టలేదు. మేమే కూర్చుంటున్నాము. నానీ సంచిలోని వక్కలు, ఖర్జూరాలు పంచడంతో మొదలుపెట్టాము. 12 ఖర్జూరాలు నలుగురికి పంచితే ఎన్ని? 14 అయితే ఎన్ని మిగులుతాయి? ఆ తర్వాత జకాత్ లెక్క చెప్పాము. నూటికి రెండున్నర అంటే నలభై భాగాలలో ఒకటి. 40,000 రూపాయలకు ఎంత అని అడిగితే కాగితం మీద చేసి వెయ్యి అన్నాడు. అన్న తర్వాత తానే ఆశ్చర్యపోయాడు. దివ్యఖుర్ఆన్‌లోని అన్‌నిసా సూరాలో వారసుల వాటాలు సగం, నాలుగవ వంతు, ఆరవ వంతు, ఎనిమిదవ వంతుగా నిర్ణయింపబడి ఉన్నాయని, తొమ్మిదవ శతాబ్దంలో బాగ్దాదులో అల్ ఖ్వారిజ్మీ రాసిన బీజగణిత గ్రంథంలో పెద్ద భాగం ఈ వారసత్వ లెక్కలకే కేటాయించబడిందని చెప్పినప్పుడు, "అయితే లెక్కలు మనకూ అవసరమేనన్నమాట" అన్నాడు. ఇన్నాళ్ళూ వాడికి లెక్కలు అంటే తిట్లు తెచ్చిపెట్టే సబ్జెక్టు మాత్రమే.

ఇక పెద్దమ్మాయి సంగతి. ఆమెకు మంచి మార్కులు వచ్చాయి కనుక అక్కడ మా తప్పేమీ లేదనుకున్నాము. ఫలితాలు వచ్చిన రెండవ రోజు సాయంత్రానికల్లా బంధువులందరూ కలిసి ఆమె భవిష్యత్తు తేల్చేశారు. ఒకరు ఎం.పి.సి. అన్నారు. మరొకరు ఏ కాలేజీలో చేర్చాలో, హాస్టలు ఫీజు ఎంతో కూడా చెప్పారు. ఒక పెద్దాయన మాత్రం ఆడపిల్లకు పది చాలన్నారు. ఆయనకు మర్యాదగానే జవాబిచ్చాము. విశ్వాసుల మాత హజ్రత్ హఫ్సా (రజి)కు షిఫా బిన్తె అబ్దుల్లా (రజి) అనే మహిళ రాయడం నేర్పారన్న సంగతి గుర్తుచేశాము. ఆడపిల్ల చదువును సమర్థించామని లోలోపల సంతృప్తి పడుతుండగా, తలుపు దగ్గర నిలబడి వింటున్న మా అమ్మాయి నెమ్మదిగా అంది: "అబ్బా, నన్నెవరూ అడగలేదు."

అడిగితే తెలిసింది. ఆమెకు సి.ఇ.సి. తీసుకొని, తర్వాత న్యాయశాస్త్రం చదవాలని ఉందట. ఎనిమిదవ తరగతి నుండీ ఈ ఆలోచన ఉందట. మాకు ఇప్పటిదాకా తెలియదు. 541 మార్కులు తెచ్చుకొని సి.ఇ.సి. ఏమిటని నోటి దాకా వచ్చిన మాటను కష్టం మీద మింగాము. దాచకుండా చెప్పాలంటే, మా మనస్సు ఇంకా పూర్తిగా సమాధానపడలేదు. కాని ఆమె వాదన విన్నాము. ఆమె కూడా మా భయాలు విన్నది. ఇద్దరు ముగ్గురు తెలిసినవారిని సంప్రదించి, ఇస్తిఖారా చేసి, అందరమూ కలిసి నిర్ణయించుకుందామని అనుకున్నాము. తమ్ముడు తన కష్టం చెప్పుకోలేక సంతకం చేశాడు. అక్క తన ఇష్టం చెప్పుకోలేక మౌనంగా మార్కులు తెచ్చింది. చూస్తే ఇద్దరిదీ ఒకటే కథ. మంచి మార్కులు ఉన్నచోట మన నిర్లక్ష్యం బయటపడదు, అంతే తేడా.

చంద్రదర్శనాన్ని బట్టి జూన్ మొదటి వారంలో బక్రీద్ రానున్నది. హజ్రత్ ఇబ్రాహీమ్ (అలై) త్యాగాన్ని ప్రతి ఏటా మనం స్మరించుకుంటాము. అస్సాఫ్ఫాత్ సూరాలోని ఆ వృత్తాంతాన్ని ఈసారి చదువుతుంటే, ఇంతకుముందు దాటిపోయిన ఒక విషయం దగ్గర మనస్సు నిలిచింది. స్వప్నంలో వచ్చిన ఆదేశాన్ని ఇబ్రాహీమ్ (అలై) తన కుమారునికి చెప్పి, నీ అభిప్రాయమేమిటని అడిగారు. అది దైవాజ్ఞ. దాన్ని శిరసావహించడానికి ఆయన సిద్ధంగానే ఉన్నారు. అయినా కుమారుణ్ణి అడిగారు. ఆ కుమారుడు ఎంత ఓర్పుతో, ఎంత వినయంతో బదులిచ్చారో మనందరికీ తెలుసు. అడిగే తండ్రి ఉన్న ఇంట్లోనే అలాంటి బదులిచ్చే కొడుకు ఎదుగుతాడని మాకిప్పుడు అనిపిస్తోంది. అంతటి మహత్కార్యంలో ఒక ప్రవక్త తన కుమారుని అభిప్రాయం అడిగితే, ఇంటర్మీడియట్ గ్రూపు విషయంలో మనం అడగకపోవడానికి కారణమేముంటుంది?

ఈ సెలవులలో మీ ఇంటికీ కార్డులు వచ్చి ఉంటాయి. వాటిని బీరువాలో పెట్టేముందు ఒక పని చేయండని వేడుకొంటున్నాము. పిల్లవాణ్ణి ఒంటరిగా, ఆపా, భాయీల పోలిక లేకుండా, చుట్టాలు లేని వేళ చూసి పక్కన కూర్చోబెట్టుకోండి. ఈ ఏడాది నీకు ఏది కష్టమయింది, ఏది ఇష్టమయింది అని అడగండి. జవాబు చెప్పేదాకా ఓపికపట్టండి. చెప్పిన నిజం చేదుగా ఉన్నా, దాన్ని చెప్పినందుకు మాత్రం శిక్షించకండి. తప్పుకు దిద్దుబాటు ఉండవలసిందే. అయితే నిజం చెప్పినవాడికి ఆ దిద్దుబాటు తేలిక కావాలి, దాచినవాడికి బరువు కావాలి. మన ఇళ్ళలో ఇన్నాళ్ళూ తారుమారుగా జరుగుతోంది. సంతానం మన ఆస్తి కాదు, అల్లాహ్ మన చేతికిచ్చిన అమానత్. దాని గురించి రేపు ప్రశ్నించబడేది పిల్లలు కాదు, మనం.

మా వాడి కార్డు ఇంకా మా దగ్గరే ఉంది. మొన్న వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకొని, ఆ మూడు సంతకాల పక్కన అసలు సంతకాలు పెట్టాము. వాటిని కొట్టివేయలేదు. జూన్ 12న బడి తెరవగానే ఆ కార్డు పట్టుకొని వెళ్ళి టీచరుగారికి క్షమాపణ చెప్పుకుంటానని వాడే అన్నాడు. మేమూ వెంట వస్తామన్నాము. కాసేపు ఆలోచించి, "వద్దు అబ్బా, నేనొక్కడినే చెప్తాను. మీరు గేటు దగ్గర ఉండండి" అన్నాడు.

గేటు దగ్గర ఉంటాము, ఇన్షా అల్లాహ్.

ఓ అల్లాహ్! మా పిల్లలకు ప్రయోజనకరమైన జ్ఞానాన్ని ప్రసాదించు. వారు నిజం చెప్పడానికి భయపడని ఇళ్ళుగా మా ఇళ్ళను మార్చు. నీవు మాకప్పగించిన అమానత్ విషయంలో మేము చేసిన పొరపాట్లను క్షమించు. ఆమీన్.